ఆకు లోపల కాపురం: అడవి వైద్యం చరిత్రలో ఒక కొత్త అధ్యాయం

ఆగస్టు 9 వచ్చిందంటే మనం కొమురం భీంను తలుచుకుంటాం. జల్, జంగల్, జమీన్ అని నినదిస్తాం. పోరాటాల చరిత్ర పాటల రూపంలోనైనా మన పిల్లలకు అందుతోంది. మన వైద్యం చరిత్ర మాత్రం అలా అందడం లేదు. పుండుకు ఏ ఆకు పసరు పిండాలో, జ్వరానికి ఏ బెరడు కాచి తాగాలో తెలిసిన పెద్దలు ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు. వాళ్లు చెప్పిందంతా మూఢనమ్మకమని తీసిపారేసేవాళ్లు ఒకవైపు, అదే సర్వరోగ నివారిణి అని అమ్ముకునేవాళ్లు ఇంకొకవైపు ఉన్నారు. ఈ రెండింటి మధ్య నిజం ఎటువైపుందో వెతికే దారి ఒకటి శాస్త్రంలో ఉంది. యువ మిత్రులకు దాన్ని పరిచయం చేయాలనే ఈ వ్యాసం.

చెట్టు ఒంటరిగా లేదు

చెట్ల ఆకుల్లో, కాండంలో, వేళ్లలో కంటికి కనిపించని శిలీంధ్రాలు, బాక్టీరియా నివసిస్తాయి. వీటిని ఎండోఫైట్లు అంటారు. రొట్టె మీద పట్టే బూజు కూడా శిలీంధ్రమే. కానీ ఎండోఫైట్లు చెట్టును కుళ్లబెట్టవు, పైకి జబ్బు కనిపించనివ్వవు. చెట్టు వాటికి తిండి, నీడ ఇస్తుంది. వాటిలో చాలా రకాలు తెగుళ్లను, పురుగులను అడ్డుకునే రసాయనాలు తయారుచేస్తాయి. ఆ రసాయనాల్లో కొన్ని మనిషికి రోగం తెచ్చే క్రిములను కూడా చంపగలవు.

మొక్క లోపల బతికే జీవుల గురించి జర్మన్ శాస్త్రవేత్త ఆంటన్ డి బారీ 1866లోనే రాశాడు. అయినా చాలాకాలం వాటిని మందుల కోసం ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 1928లో అలెగ్జాండర్ ఫ్లెమింగ్ ఒక బూజులో పెన్సిలిన్‌ను గుర్తించాడు. 1943లో మట్టిలోని సూక్ష్మజీవి నుంచి స్ట్రెప్టోమైసిన్ దొరికింది. ఆ తర్వాత కొన్ని దశాబ్దాలు వెతుకులాటంతా మట్టిలోనే సాగింది. క్రిములు పాత మందులకు లొంగకపోవడం మొదలయ్యాక కొత్త చోట్లు వెతకాల్సి వచ్చింది. అప్పుడు కొందరి చూపు ఆకు లోపలికి మళ్లింది.

వెతికే పద్ధతి అర్థం చేసుకోవడం కష్టం కాదు. ఆకునో కొమ్మనో స్పిరిట్‌తో, బ్లీచింగ్ ద్రావణంతో కడిగి పైనున్న క్రిములను చంపుతారు. తర్వాత దాన్ని చిన్న ముక్కలుగా కోసి, పోషకాలు కలిపిన జెల్లీ మీద పెడతారు. కొన్ని రోజులకు ముక్క లోపలి నుంచి దూది పోగుల్లా శిలీంధ్రం బయటికి పెరుగుతుంది. దాన్ని విడిగా పెంచి, రోగక్రిముల మీద పరీక్షిస్తారు.

ఎక్కడ వెతకాలో ఎవరు చెప్పారు?

భూమి మీద లక్షల రకాల మొక్కలున్నాయి. ఏ మొక్క దగ్గర మొదలుపెట్టాలి? అమెరికాలోని మోంటానా స్టేట్ యూనివర్సిటీకి చెందిన గ్యారీ స్ట్రోబెల్ ఇందుకు కొన్ని సూత్రాలు రాశాడు. స్థానిక ప్రజలు తరతరాలుగా మందుగా వాడే మొక్కలను ఎంచుకోవాలన్నది వాటిలో ఒకటి. అంటే ప్రయోగశాలకు దారి చూపింది వాళ్ల అనుభవమే.

చైనా సంప్రదాయ వైద్యంలో కీళ్ల నొప్పులకు వాడే తీగ ఒకటుంది. దాని పేరుకు అర్థం ఉరుము దేవుడి తీగ. ఆ తీగలో ఉండే ఒక శిలీంధ్రం నుంచి క్రిప్టోకాండిన్ అనే పదార్థాన్ని వేరుచేసినట్లు 1999లో ప్రకటించారు. చర్మానికి, గోళ్లకు పట్టే శిలీంధ్ర రోగాలను కలిగించే జీవుల మీద అది పనిచేసింది.

ఆస్ట్రేలియా ఉత్తర ప్రాంతంలో ఆదివాసులు గాయాలకు ఒక తీగను నలిపి, కాచి పూసేవారు. దాని పేరు స్నేక్‌వైన్. దాని లోపల దొరికిన జీవి శిలీంధ్రం కాదు, స్ట్రెప్టోమైసిస్ జాతి బాక్టీరియా. అది తయారుచేసే మునుంబిసిన్లు అనేక క్రిములను చంపుతాయని 2002లో వెల్లడైంది.

మన వేప సంగతి చూద్దాం. వారణాసిలోని బనారస్ హిందూ విశ్వవిద్యాలయ పరిశోధకులు విదేశీ శాస్త్రవేత్తలతో కలిసి, వేపలో ఉండే ఒక శిలీంధ్రం నుంచి జవానిసిన్ అనే పదార్థాన్ని వేరుచేశారు. అది బాక్టీరియాను అడ్డుకుంటుందని 2009లో ప్రచురించారు.

ఇక్కడ జాగ్రత్తగా మాట్లాడాలి. ప్రతి పసరు మందుకూ వెనక శిలీంధ్రమే ఉందని దీని అర్థం కాదు. చెట్టుకు సొంత రసాయనాలు కూడా ఉంటాయి. గాజు పళ్లెంలో క్రిమిని చంపడం వేరు, మనిషికి మందు కావడం వేరు. మధ్యలో ఏళ్ల పరీక్షలుంటాయి. కాబట్టి మలేరియా వస్తే ముందు ఆసుపత్రికే వెళ్లాలి.

ఎవరి జ్ఞానం, ఎవరికి ఫలం?

1987లో కేరళ అగస్త్య కొండల్లో శాస్త్రవేత్తలకు దారి చూపిన కాణి యువకులు అలసట రాకుండా ఒక మొక్క కాయలు తిన్నారు. అదే ఆరోగ్యపచ్చ. దాని ఆధారంగా తిరువనంతపురం దగ్గరి ఉష్ణమండల వృక్షోద్యాన పరిశోధన సంస్థ ‘జీవని’ అనే మందు తయారుచేసి, 1995లో ఉత్పత్తి హక్కు ఇచ్చింది. వచ్చే రుసుములో, రాయల్టీలో సగం కాణి ప్రజలకని ఒప్పుకుంది. 1997లో వారి కోసం ట్రస్టు ఏర్పడింది. అయితే తమను అడగలేదని కాణి వైద్యుల్లో కొందరు అభ్యంతరం చెప్పారు. వాటా దక్కడం ఎంత ముఖ్యమో, ముందుగా అడగడం కూడా అంతే ముఖ్యమని ఆ అనుభవం నేర్పింది.

మన దేశంలో 2002 జీవవైవిధ్య చట్టం ఉంది. అది జీవవనరులంటే మొక్కలు, జంతువులే కాదు, సూక్ష్మజీవులు కూడా అంటుంది. అంటే మన అడవిలోని ఆకు లోపలి శిలీంధ్రానికీ ఆ చట్టం వర్తిస్తుంది. స్థానిక జీవవైవిధ్య యాజమాన్య కమిటీలు ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్ తయారుచేయాలని కూడా చట్టం చెబుతుంది. 2023 సవరణతో, గ్రంథాల్లో ఉన్న సంప్రదాయ జ్ఞానాన్ని వాడుకునేవారికి లాభాల పంపకం నుంచి మినహాయింపు ఇచ్చారు. మన జ్ఞానం గ్రంథాల్లో లేదు, నోటిమాటగా వచ్చింది. అది ఎవరిదో మన దగ్గర ఆధారం లేకపోతే రేపు అడగడానికి మాటే ఉండదు.

అందుకే మీ ఊరి రిజిస్టర్ తయారైందో లేదో ముందు తెలుసుకోండి. అందులో మీ వైద్యుల మాట ఉందో లేదో చూడండి. మొక్కకు మన భాషలో ఉన్న పేరు, దొరికే చోటు, కోసే కాలం, వాడే భాగం, చెప్పిన పెద్దల పేరు రాసుకోండి. ఏది బయటికి చెప్పాలో, ఏది ఊరి దగ్గరే ఉంచుకోవాలో ఆ పెద్దలనూ గ్రామసభనూ అడిగి నిర్ణయించండి. పరిశోధన అని ఎవరైనా వస్తే అనుమతి పత్రం చూపమనండి.

ఇంకో మాట. ఫలానా గుట్ట మీది చెట్టుదే కోయాలని, ఫలానా కాలంలోనే కోయాలని పెద్దలు పట్టుబడితే మనం నవ్వుకుంటాం. వాళ్లకు శిలీంధ్రాల గురించి తెలుసని నేను అనను. కానీ ఒకే జాతి చెట్టు లోపల ఉండే జీవులు నేలను బట్టి, కాలాన్ని బట్టి, చెట్టు వయసును బట్టి మారతాయని శాస్త్రం ఇప్పుడు చెబుతోంది. అడవిలోని పాత చెట్టు పోయాక నర్సరీలో అదే జాతి మొక్క నాటినా, లోపల ఆ జీవులన్నీ తిరిగి వస్తాయన్న హామీ లేదు. జంగల్ మనదన్నప్పుడు ఆ జీవులను కూడా లెక్కలో వేసుకోవాలి. ఈసారి ఊరికి వెళ్లినప్పుడు ఒక నోటు పుస్తకం పట్టుకుని పెద్దల దగ్గర కూర్చోండి.