సముద్రము దాటి వచ్చిన పెట్టెలు

శతవార్షికోత్సవ సంచికలలో దేవాలయములు కట్టించిన వారిని గూర్చియు, పాఠశాలలు, ఆసుపత్రులు స్థాపించిన వారిని గూర్చియు మనము చదువుదుము. వారు ఏ సంవత్సరమున వచ్చిరి, ఎన్నాళ్లు పనిచేసిరి, ఎక్కడ నిద్రించిరి అను సంగతులు వ్రాసికొందుము. అయితే వారు ఓడ దిగినప్పుడు వారితోకూడ ఏ సామాను దిగెను అని అడుగువారు తక్కువ. ఇది చిన్న ప్రశ్నయే. కాని పరదేశమునకు పోవు మనుష్యుడు తన పెట్టెలో ఏమి సర్దుకొనునో చూచినయెడల, అతడు అక్కడ ఎవరి కొరకు ఉండదలచెనో కొంతవరకు తెలియును. నేడు మన సంఘములలో విదేశములకు పెట్టెలు సర్దుకొనుచున్న కుటుంబములు అనేకము గలవు గనుక, ఈ చరిత్రను ఒకసారి జ్ఞాపకము చేసికొనుట మంచిదని మేము తలంచితిమి.

సామాను సంగతి పరిశుద్ధ గ్రంథమునకు కూడ క్రొత్తది కాదు. పౌలు తిమోతికి వ్రాసిన రెండవ పత్రిక నాలుగవ అధ్యాయములో, త్రోయలో కర్పు ఇంట విడిచివచ్చిన అంగీని గూర్చియు, పుస్తకములను గూర్చియు ఆయన వ్రాసెను. చలికాలము రాకముందే రమ్మని కూడ కోరెను. మరణమునకు సిద్ధపడిన అపొస్తలునికి ఇంకను కావలసినవి కప్పుకొనుటకు ఒక వస్త్రము, చదువుకొనుటకు పుస్తకములు. అపొస్తలుల కార్యముల పదునెనిమిదవ అధ్యాయములో ఆయన డేరాలు కుట్టు పనివాడని చదువుచున్నాము. ఆ పని ఏ పట్టణమునకు పోయినను ఆయన చేతులతోనే పోయెను.

మన దేశమునకు వచ్చిన మిషనరీల ప్రయాణమును మొదట ఊహించుకొనవలెను. 1869లో సూయజ్ కాలువ తెరువబడువరకు ఇంగ్లండు ఓడలు ఆఫ్రికా ఖండము చుట్టు తిరిగి రావలెను. అందుకు నాలుగైదు నెలలు పట్టెడిది. చెన్నపట్టణమునకు అప్పటికి ఓడరేవు కట్టబడలేదు. ఓడ దూరముననే లంగరు వేయగా, మనుష్యులను, పెట్టెలను కొబ్బరినారతో కుట్టిన మసూలా పడవలలోనికి దించి, అలల మీదుగా ఒడ్డునకు చేర్చెడివారు. ఉప్పునీటికి తడిసినవి తడియగా, మిగిలిన వాటిని వానకాలపు చెమ్మ, చెదలు పట్టుకొనెడివి. ఇంటి యొద్ద ఎంతో ప్రేమతో సర్దిన వస్తువులలో ఇక్కడ నిలుచునవి కొన్నియే.

విలియం కేరీ చరిత్రను ఈ కోణమునుండి చూతము. ఆయన 1761లో ఇంగ్లండులో జన్మించి, చెప్పులు కుట్టు పని నేర్చి, తరువాత ఉపదేశకుడయ్యెను. 1792లో ఏర్పడిన బాప్తిస్టు మిషనరీ సంఘము ఆయనను, ఓడ వైద్యుడుగా బంగాళమును చూచిన జాన్ థామసును పంపుటకు తీర్మానించెను. ఈస్టిండియా కంపెనీవారి అనుమతి లేనందున 1793లో ఎక్కిన మొదటి ఓడను వారు బయలుదేరకముందే దిగవలసివచ్చెను. పిమ్మట ఒక డేనిష్ ఓడ దొరికెను.

ఈ సందులో జరిగిన ఒక సంగతి మన మనస్సులలో ఉండవలెను. కేరీ భార్య డోరతీ మొదట రానని చెప్పియుండెను. ఆమె ప్రసవించి కొద్ది వారములే అయ్యెను. ఓడ మారుటవలన కలిగిన అవకాశమున ఆమెను మరల అడిగిరి. తన చెల్లెలు కూడ వచ్చునట్లయితే వచ్చెదనని చివరకు ఒప్పుకొనెను. నలుగురు బిడ్డలతో, జీవితకాలమునకు సరిపడు ప్రయాణమునకు, ఎంతో తొందరలో ఇల్లు సర్దుకొని బయలుదేరెను. జూన్ 13న బయలుదేరిన ఓడ నవంబరులో కలకత్తా చేరెను. మరుసటి సంవత్సరము ఐదేండ్ల కుమారుడు పీటరు మరణించెను. డోరతీకి మతి చలించి, 1807లో మరణించువరకు ఆమె కోలుకొనలేదు. కేరీ మహాశయుని ఘనకార్యములను కీర్తించునప్పుడు ఆ తల్లిని మరచుట న్యాయము కాదు. కుటుంబములో ఒకరి మనస్సు సిద్ధపడకముందే పెట్టెలు సిద్ధపడినయెడల, ఆ భారము ఎవరి మీద పడునో ఆమె జీవితము చెప్పుచున్నది.

ఇక వారి సామాను. ఖర్చుల కొరకు చేతిలో నగదుకు బదులు అమ్మకపు సరుకును వారు వెంట తెచ్చిరి. ఆ సరుకు అమ్మకపు వ్యవహారము థామసు చేతిలో ఉండెను. కలకత్తా నగరపు ఖర్చులకు ఆ సొమ్ము కొలది కాలములోనే కరిగిపోయెను. కేరీ కుటుంబము సుందరవనముల అంచునకు పోయి తలదాచుకొనెను. 1794లో జార్జి ఉడ్నీ అను దొర ముద్నాబాటిలోని నీలిమందు కర్మాగారపు పని ఇచ్చినప్పుడు గాని వారికి స్థిరత కలుగలేదు.

జీతము కుదరగానే కేరీ ఇంగ్లండులోని సంఘమువారికి ఒక ఉత్తరము వ్రాసెను. ఇకమీదట తన పోషణ కొరకు ధనము పంపనక్కరలేదని తెలియజేసెను. అదే ఉత్తరములో ఆయన కొన్ని వస్తువులు కోరెను. అవి బట్టలు కావు, తినుబండారములు కావు. గడ్డి కోయు పెద్ద కొడవళ్లు, చేతి కొడవళ్లు, నాగలి చక్రములు, ఇటువంటి సేద్యపు పనిముట్లు. వీటితోకూడ ప్రతి సంవత్సరము కూరగాయల, పూలమొక్కల, పండ్లచెట్ల, అడవిచెట్ల విత్తనములు పంపవలెనని కోరెను. విత్తనములను కాగితపు పొట్లములలో గాని, గట్టిగా బిరడా బిగించిన సీసాలలో గాని పెట్టవలెనని, అవి క్రొత్తవిగాను పొడిగాను ఉండవలెనని జాగ్రత్తలు చెప్పెను. వెల ఎంతైనను ఏటేట తానే చెల్లించెదనని మాట ఇచ్చెను. ఇదంతయు ఎందుకనగా, ఈ దేశమునకు శాశ్వతమైన మేలు కలుగునని; ఈ దేశమునే ఇప్పుడు తన స్వదేశమని చెప్పుకొనుచున్నానని ఆయన వ్రాసెను.

సహోదరులారా, ఆయన వచ్చి అప్పటికి ఒక సంవత్సరము కూడ నిండలేదు. భాష ఇంకను పూర్తిగా పట్టువడలేదు. ఒక్కనికైనను బాప్తిస్మమిచ్చియుండలేదు. అట్టి స్థితిలో ఆయన ఈ నేలను తనదని ఎంచి, దానికి కావలసిన పనిముట్లు తెప్పించుకొనుచున్నాడు. అమ్ముకొనుటకు తెచ్చిన సరుకు కొన్ని నెలలకే ముగిసెను. నాటుటకు అడిగిన విత్తనముల ఫలము ఆయన జీవితకాలమంతయు పెరిగెను. సెరాంపూరులో ఆయన ఐదు ఎకరముల తోట వేసెను. 1820లో వ్యవసాయ, ఉద్యానవన సంఘమును స్థాపించెను. 1823లో వచ్చిన వరద ఆ తోటను పాడుచేయగా, మరల నాటెను. ఒకసారి ఇంగ్లండు నుండి విత్తనములు వచ్చిన సంచిని నీడపట్టున దులుపగా, అంటుకొని వచ్చిన మట్టిలోనుండి ఆ దేశపు పొలములలో పెరుగు డెయిజీ మొక్క మొలచెను. చిన్ననాట చూచిన ఆ పూవును చూచి ఆయన ఎంతో సంతోషించెను. ఆ పూవు పెట్టెలో ఎవరును పెట్టినది కాదు. మనము పెట్టని జ్ఞాపకములు కూడ మన సామానుతో వచ్చునని దీనివలన తెలియుచున్నది.

సెరాంపూరు సంగతిలో మన తెలుగువారికి సంబంధము గలదు. 1799లో వచ్చిన విలియం వార్డు అచ్చుపని తెలిసినవాడు. అచ్చుయంత్రమును కేరీ అంతకుముందే ఉడ్నీ సహాయముతో బంగాళములోనే సంపాదించియుండెను. యంత్రము ఇక్కడ దొరికెను. దానిని నడుపు చేయి సముద్రము దాటి వచ్చెను. ఆ ముద్రణాలయమున 1812 మార్చి నెలలో అగ్నిప్రమాదము జరిగి, ఇంగ్లండునుండి వచ్చిన కాగితము, అనేక భాషల అచ్చులు, వ్రాతప్రతులు కాలిపోయెను. కాలిన వాటిలో కేరీ వ్రాసిన తెలుగు వ్యాకరణపు వ్రాతప్రతి కూడ ఉండెను. ప్రక్క గదిలో నున్న అచ్చుయంత్రములు మాత్రము దక్కెను. అక్షరములు పోతపోయు ఉక్కు అచ్చులు బూడిదలో చెడక దొరికెను. వాటితో వెంటనే మరల అక్షరములు పోయసాగిరి. కాలిన వ్యాకరణమును కేరీ మరల వ్రాయగా 1814లో వెలువడెను. 1818లో తెలుగు క్రొత్త నిబంధన అక్కడ అచ్చయ్యెను. 1820లో కాగితపు మిల్లు కొరకు ఇంగ్లండులోని బోల్టన్ పట్టణమునుండి 12 అశ్వశక్తుల ఆవిరియంత్రము తెప్పించిరి. మా వంటి కాపరుల వేదాంత పట్టాల మీద నేటికిని సెరాంపూరు పేరే ఉన్నది. ఆ పట్టా వెనుక ఒక తోటమాలి, ఒక అచ్చుపనివాడు, కాలిపోయిన ఒక తెలుగు వ్రాతప్రతి ఉన్నవని జ్ఞాపకముంచుకొనుట మాకు మేలు.

ఇప్పుడు మన తెలుగు తీరమునకు వచ్చెదము. 1836లో ఆంథోనీ నారిస్ గ్రోవ్స్ అను దైవజనుడు ఇంగ్లండులోని డెవన్ ప్రాంతమునుండి ఇద్దరు యువకులను వారి భార్యలతో తీసికొనివచ్చెను. గ్రోవ్స్ అంతకుముందు దంతవైద్యుడు. ఆ ఇద్దరిలో విలియం బౌడెన్ రాతిపని మేస్త్రీ. జార్జి బీర్ చెప్పులు కుట్టువాడు. వారు మచిలీపట్టణమునకు, అక్కడనుండి గోదావరి డెల్టాకు వచ్చిరి. బీర్ నరసాపురమునందును, బౌడెన్ పాలకొల్లునందును స్థిరపడిరి. వారి వెనుక నిర్ణీతమైన జీతమిచ్చు పెద్ద సంస్థ లేదు. ధవళేశ్వరపు ఆనకట్ట 1847 మొదలు 1852 వరకు కట్టబడు కాలమున, ఆ కూలీల మధ్య బౌడెన్ సువార్త చెప్పెను. రాయి మోయువారి కష్టము రాతిపని చేసిన చేతికి తెలియును. అది ఏ ఓడలోను కిరాయి కట్టి తేవలసిన సామాను కాదు. అటు గ్రోవ్స్ చిత్తూరులో వ్యవసాయము చేసి తమ పోషణను తామే చూచుకొనదలచెను గాని, అందులో అప్పులపాలయ్యెను. స్వంత చేతులతో జీవించుట మంచిదే. అది సులభమని మాత్రము చరిత్ర చెప్పుట లేదు.

గుంటూరు చరిత్రలో ఫాదర్ హయ్యర్ పేరు ఎరుగనివారు లేరు. జర్మనీలో పుట్టి, అమెరికాలో కాపరియై, 1841లో బోస్టనునుండి బయలుదేరి, 1842 జూలై 31న ఆయన గుంటూరు చేరెను. కొన్ని సంవత్సరములు పనిచేసి అమెరికాకు తిరిగిపోయినప్పుడు, ఈ ప్రజల రోగములను చూచిన ఆ మనుష్యుడు వైద్యము చదివి, 1847లో యాబది నాలుగు ఏండ్ల వయస్సున పట్టా పొంది, మరల వచ్చెను. మొదటి రాకకు, రెండవ రాకకు మధ్య ఆయన సామానులో వచ్చిన గొప్ప మార్పు ఇదియే. 1869లో డెబ్బదియారేండ్ల వృద్ధుడై మూడవసారి కూడ వచ్చెను. 1883లో వచ్చిన డాక్టర్ అన్నా కుగ్లరును మిషనువారు పంపినది జెనానాలో బోధించు పనికి. అప్పటికి వారు వైద్యసేవను తలపెట్టలేదు. కాని ఆమె వైద్యవిద్య ఆమెతోనే వచ్చెను. రోగులు వచ్చిరి; పని పెరిగెను; 1898లో గుంటూరు ఆసుపత్రి తెరువబడెను. పంపినవారు జాబితాలో వ్రాయని పనిముట్టే ఇక్కడివారికి ఎక్కువగా అక్కరకు వచ్చెను.

వస్తువులు కూడ మనుష్యులవలెనే ఈ దేశమునకు అలవాటుపడవలసివచ్చెను. మన ఆరాధనలలో వాయించు హార్మోనియము ఐరోపాలో పుట్టినది. కుర్చీలో కూర్చుండి కాళ్లతో తొక్కుచు వాయించు వాద్యముగా అది వచ్చెను. మనవారు నేలమీద కూర్చుండి పాడువారు గనుక, పందొమ్మిదవ శతాబ్దపు చివరి భాగమున కలకత్తా పనివారు దానిని చేతితో గాలికొట్టు చిన్న పెట్టెగా మార్చిరి. అట్లు మారినది గనుకనే అది పల్లె పల్లెకు పోయి, చాప మీద మన నడుమ కూర్చుండెను.

పెట్టెలు ఒకే దిక్కున రాలేదు. 1860లో చెన్నపట్టణమునుండి బయలుదేరిన ట్రూరో అను ఓడ, ఒప్పంద కూలీలతో దక్షిణాఫ్రికాలోని డర్బన్ చేరెను. అది మొదలు అక్కడి చెరకు తోటలకు, తేయాకు తోటలకు పోయిన వారిలో తెలుగువారు, తెలుగు క్రైస్తవులు ఉండిరి. వారి కొరకు తెలుగు బాప్తిస్టు సంఘములవారు తమ సొంత మిషను సంఘము ద్వారా 1903లో జాన్ రంగయ్యగారిని నేటాలుకు పంపిరి. ఆ డిసెంబరులోనే కియర్స్‌నీ తేయాకు తోటలో తెలుగు సంఘము ఏర్పడెను. మిషనరీలను పొందిన ప్రజలు అరువది డెబ్బది ఏండ్లలోనే మిషనరీని పంపిరి. కూలి పనికి పోయినవారు ఆస్తులు మోసికొని పోలేదు. భాషను, విశ్వాసమును మోసికొని పోయిరి.

నేడు మన సంఘములనుండి నర్సులు, ఇంజనీర్లు, డ్రైవర్లు, మేస్త్రీలు గల్ఫు దేశములకు, అమెరికాకు, ఆస్ట్రేలియాకు పోవుచున్నారు. నాలుగు నెలల ప్రయాణము ఒక దినమునకు తగ్గెను. సామాను కిలోల లెక్కన తూచబడుచున్నది. ఆవకాయ జాడీ పెట్టవలెనా, పుస్తకము పెట్టవలెనా అని ఇంటింట వాదులాట జరుగుచున్నది. ఆవకాయ పెట్టుకొనుటలో తప్పేమియు లేదు. అయితే బయలుదేరకముందు కాపరులమైన మేము వారిని మూడు సంగతులు అడుగగోరుచున్నాము.

ఇంటిలో అందరి మనస్సు సిద్ధమైనదా? డోరతీ కేరీ వంటి యువతి ఒక్కతె కన్నీటితో మౌనముగా పెట్టె సర్దుచున్నయెడల, టికెట్టు తేదీ కంటె ఆమె మాట వినుట ముఖ్యము. మీ చేతి విద్య మీతో వచ్చుచున్నదా? సరుకు కరిగిపోవును, విద్య కరుగదు. చివరిది, మీరు పోవు ఊరికి ఏమి తీసికొనిపోవుచున్నారు? ఆ ఊరినుండి తెచ్చుకొనవలసిన వాటి జాబితా అందరి యొద్దను ఉండును. ఆ ఊరిలో నాటవలసిన విత్తనముల జాబితా కూడ ఉండవలెను. పొరుగువాని రోగమునకు ఒక పరామర్శ, క్రొత్తగా వచ్చిన కూలివానికి తెలుగులో ఒక ప్రార్థన, అక్కడి చిన్న సంఘమునకు నమ్మకమైన చేయి, ఇవియన్నియు విత్తనములే.

ఈ నూరేండ్ల సంబరములో మనము కృతజ్ఞతతో జ్ఞాపకము చేసికొనువారు, తాము వచ్చిన దేశమును తమదిగా ఎంచి పనిముట్లు తెప్పించుకొనిన వారు. వారి వలన మేలు పొందిన మనము, మన బిడ్డలను కూడ అట్టి మనస్సుతో సాగనంపవలెను. వారి పెట్టెలమీద మన సంఘపు ప్రార్థన ఉండును గాక. వారు పోవు ప్రతి నేలను ప్రభువు వారికి స్వదేశముగా చేయును గాక. ఆమేన్.