ఆక్వాపోనిక్స్: ఒకే నీటితో చేపలు, ఆకుకూరలు

చేపల పెంపకాన్నీ, మట్టి లేకుండా మొక్కల పెంపకాన్నీ ఒకే నీటితో నడిపే పద్ధతిని ఆక్వాపోనిక్స్ అంటారు. కర్నూలు, కడప జిల్లాల్లో ఏడాది సగటు వర్షపాతం సుమారు 700 మిల్లీమీటర్ల లోపే. ఈ పద్ధతిలో నీళ్లు పారబోయం. ఆవిరైనంత, మొక్కలు పీల్చుకున్నంత మాత్రమే మళ్లీ పోస్తాం. అందుకే నీటి కొరత ఉన్న ఇళ్లకు ఇది నచ్చుతుంది. కానీ మన నీళ్లు, మన రాయి, మన ఎండ సంగతి తెలియకుండా మొదలుపెడితే చేపలూ పోతాయి, డబ్బూ పోతుంది.

ఎలా పనిచేస్తుంది?

చేపల వ్యర్థం వల్ల నీటిలో అమ్మోనియా చేరుతుంది. అది చేపలకే విషం. చిన్న మోటారు ఆ నీటిని కంకర తొట్టిలోకి పంపుతుంది. కంకరను పట్టుకుని బతికే బ్యాక్టీరియా అమ్మోనియాను మొదట నైట్రైట్‌గా, తర్వాత నైట్రేట్‌గా మారుస్తుంది. నైట్రేట్ మొక్కలకు ఎరువు. శుభ్రపడిన నీళ్లు తిరిగి చేపల దగ్గరికి వస్తాయి. ఈ బ్యాక్టీరియా పెరగడానికి 4 నుంచి 6 వారాలు పడుతుంది. అంతవరకు ఆగకుండా ఒకేసారి చేపలన్నీ వేయడమే కొత్తవాళ్లు చేసే పెద్ద తప్పు.

ఎంతతో మొదలుపెట్టాలి?

300 లీటర్ల తొట్టి, చదరపు మీటరు వైశాల్యంతో 30 సెంటీమీటర్ల లోతున్న కంకర తొట్టి, 10 బంగారుతీగ పిల్లలు చాలు. పుదీనా, కొత్తిమీర, పాలకూర బాగా వస్తాయి. జిలేబి చేప (తిలాపియా) పెంచాలంటే ముందు మత్స్యశాఖను అడగండి. ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ పెంపకం మన దేశంలో నిషేధం.

మన దగ్గర చూసుకోవాల్సినవి

కంకర: కడప బండ, బేతంచర్ల రాయి సున్నపురాయి జాతివి. వాటి ముక్కలు వేస్తే నీటి పీహెచ్ పెరుగుతుంది, అప్పుడు అమ్మోనియా విషం ఇంకా ఎక్కువవుతుంది. రాయి మీద వెనిగర్ చుక్క వేసి చూడండి. నురగ వస్తే ఆ రాయి వద్దు, గ్రానైట్ కంకర వాడండి.

నీళ్లు: కుళాయి నీళ్లను ఒకట్రెండు రోజులు మూత లేకుండా ఉంచితే క్లోరిన్ పోతుంది. బోరు నీళ్లు చాలాచోట్ల ఉప్పగా, గట్టిగా ఉంటాయి. పట్టి ఉంచుకున్న వాన నీళ్లు కలిపితే మేలు.

ఎండ: వేడి నీటిలో ఆక్సిజన్ తగ్గుతుంది. తొట్టి మీద షేడ్ నెట్ తప్పనిసరి.

కరెంటు: కొన్ని గంటలు గాలి అందకపోతే చేపలు చచ్చిపోతాయి. బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపు దగ్గర పెట్టుకోండి.

బరువు: పైన చెప్పిన తొట్లు, కంకర, నీళ్లు అన్నీ కలిపితే ముప్పావు టన్ను దాటుతుంది. ఇంజనీరును అడగకుండా మిద్దె మీద పెట్టొద్దు.

పురుగు మందు కొడితే చేపలు చస్తాయి. ఆకులను చేత్తో ఏరి శుభ్రం చేసుకోవాలి.

ఇంత పని కుదరదనుకుంటే కుండీల్లో మిద్దె తోట వేసుకోండి. సబ్బు కలవని వజూ నీళ్లు ఆ కుండీలకు బాగా పనికొస్తాయి.