ఖమ్మం - భద్రాచలం మార్గంలో ప్రమాదకర పదార్థాల రవాణా

మండే, పేలే, విషపూరితమైన లేదా ఒంటిని కాల్చే స్వభావం గల సరుకులను లారీలు, ట్యాంకర్లలో తరలించటాన్ని ప్రమాదకర పదార్థాల రవాణా అంటారు. ఖమ్మం నుండి కొత్తగూడెం, పాల్వంచల మీదుగా భద్రాచలం చేరే రహదారి ఇటువంటి వాహనాలు తిరిగే అటవీ మార్గాలలో ఒకటి. కొత్తగూడెం నుండి ఇది 30వ నెంబరు జాతీయ రహదారి (పూర్వం 221)లో భాగం.

నేపథ్యం

కొత్తగూడెం, ఇల్లెందు, మణుగూరు ప్రాంతాలలో సింగరేణి బొగ్గు గనులు, పాల్వంచలో థర్మల్ విద్యుత్ కేంద్రం, సారపాకలో కాగితపు పరిశ్రమ, అశ్వాపురం వద్ద భారజల కర్మాగారం ఉన్నవి. గనులకు డీజిలు, పేలుడు పదార్థాలు, పరిశ్రమలకు ఆమ్లాలు, కాస్టిక్ సోడా వంటివి అవసరం. భద్రాచలం దాటగానే ఎటపాక వద్ద ఆంధ్రప్రదేశ్, చింతూరు తరువాత కొంటా వద్ద ఛత్తీస్‌గఢ్ వస్తాయి. వంద కి.మీ. లోపే మూడు రాష్ట్రాల పోలీసు, అగ్నిమాపక యంత్రాంగాల పరిధులు మారిపోతాయి. కనుక ప్రమాదం జరిగినప్పుడు మొదటి కొన్ని నిమిషాలు డ్రైవరు చేసే పనే కీలకం.

చట్టం, ట్యాంకరుపై రాతలు

1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమావళిలో 129 నుండి 137 వరకు గల నియమాలు ఈ రవాణాకు వర్తిస్తాయి. 9వ నియమం ప్రకారం డ్రైవరుకు ఒక భారతీయ భాషతో పాటు ఇంగ్లీషు చదవటం, రాయటం వచ్చి ఉండాలి. ప్రత్యేక శిక్షణ కూడా పొంది ఉండాలి. ఇటువంటి సరుకు నడిపేందుకు లైసెన్సు గడువు పూర్వం ఒక సంవత్సరం కాగా 2019 సవరణతో మూడేళ్ళు అయింది. బండి నిలిపి ఉంచినప్పుడు డ్రైవరు గానీ, 18 ఏళ్ళు దాటిన సమర్థుడైన మరొకరు గానీ కాపలా ఉండాలి. ప్రమాదం జరిగితే సమీప పోలీసు స్టేషనుకు వెంటనే తెలపాలి.

ట్యాంకరుకు ఇరువైపులా, వెనుక ఉండే పలకపై పదార్థం పేరు, ఐక్యరాజ్యసమితి సంఖ్య, అత్యవసర ఫోను నెంబర్లు ఉంటాయి. ఈ సంఖ్య పెట్రోలుకు 1203, వంటగ్యాసుకు 1075, క్లోరిన్‌కు 1017, అమ్మోనియాకు 1005, గంధకామ్లానికి 1830. పరిధి ఏ రాష్ట్రానిదైనా అధికారులకు ఇదే ఉమ్మడి భాష. బురద కప్పిన పలక ఉన్నా లేనట్లే. క్యాబినులో ఉండే ట్రెమ్ కార్డులో ఆ పదార్థం కారితే ఏమి చేయాలో రాసి ఉంటుంది. దానిని బయలుదేరే ముందే చదువుకోవాలి.

కారినప్పుడు

అన్ని పదార్థాలకూ ఒకే మందు లేదు. అమ్మోనియా మేఘంపై నీటిని తుంపరగా చల్లితే వాయువును పీల్చుకొంటుంది. క్లోరిన్ సిలిండరు కారే చోట నీరు పోస్తే ఆమ్లం ఏర్పడి రంధ్రం మరింత పెద్దదవుతుంది. గాఢ గంధకామ్లంపై నీరు పడితే మరిగి చిమ్ముతుంది. క్లోరిన్, వంటగ్యాసు గాలికంటే బరువైనవి గనుక పల్లానికి, వాగుల వెంట పాకుతాయి. మనుషులు గాలికి ఎదురుగా, మెరక వైపు వెళ్ళాలి. గోదావరి వంతెన సమీపంలో కారిన ఆమ్లాన్ని నీటితో నదిలోకి కడిగివేయరాదు, మట్టి కట్ట వేసి ఆపాలి.

ఎక్కువ ప్రాణాలు పోయేది గుమిగూడిన జనం వల్లనే. పాకిస్తాన్‌లోని అహ్మద్‌పూర్ షర్కియా వద్ద 2017 జూన్ 25న బోల్తాపడిన ట్యాంకరు నుండి పెట్రోలు పట్టుకోవటానికి చేరిన 200 మందికి పైగా మంటలలో మరణించారు. 2012 ఆగస్టు 27 రాత్రి కేరళలోని కన్నూరు వద్ద గ్యాసు ట్యాంకరు బోల్తాపడగా, గ్యాసు ఇళ్ళ వరకు పాకి అంటుకొని సుమారు 20 మంది చనిపోయారు. కనుక ఇంజను ఆపి, 112కు ఫోను చేసి, రెండు వైపులా వాహనాలను దూరంగానే నిలిపివేయటం డ్రైవరు, క్లీనరుల తొలి పని. బిందెలతో వచ్చేవారిని దగ్గరకు రానీయరాదు.

అటవీ మార్గపు ప్రత్యేకతలు

వేసవిలో ఇప్పపూలు ఏరుకొనేందుకు చెట్ల కింద ఆకులను కాల్చటం ఈ ప్రాంతంలో వాడుక. ఆ రోజులలో రోడ్డు పక్క చెట్టు నీడన పెట్రోలు బండిని ఆపటం క్షేమం కాదు. లారీ సిబ్బంది దారిలో స్టవ్ వెలిగించి వండుకొనే అలవాటు ట్యాంకరు దగ్గర పనికిరాదు. సగం నిండిన ట్యాంకరులో ద్రవం అటూ ఇటూ ఊగుతుంది కాబట్టి, నిండు బండి కంటే అదే మలుపులలో తేలికగా బోల్తాపడుతుంది. శ్రీరామనవమికి భద్రాచలంలో భక్తుల రద్దీ విపరీతం. ఆ రోజులలో ఇటువంటి సరుకుతో పట్టణం గుండా వెళ్ళకుండా ఉండటమే మేలు.