కొత్త ప్రతి నిలిచిన పిదపనే

కాగితముపై తప్పు వ్రాసినవాడు దానిని కొట్టివేసి పైన సరియైన మాట వ్రాయును. కొట్టివేసిన మాటయు అక్కడనే కనబడుచుండును. కంప్యూటరులో అట్లు కాదు. అందు కొత్త వ్రాత పాత వ్రాతను తుడిచి దాని చోటనే కూర్చుండును. కొత్త నీరు వచ్చి పాత నీటిని కొట్టుకొనిపోవునని మన సామెత. కాని పాత నీరు పోయి, కొత్త నీరు వచ్చులోపల కాలువ తెగినచో చెరువున మిగులునది బురదయే. ఆ బురద మిగులకుండ వ్రాతను భద్రపరచు ఉపాయము నెట్లు కనుగొనిరో ఈ ప్రసంగమున మేము మనవి చేయుదుము.

కంప్యూటరులో వ్రాతను దిద్దుటకు ఉపకరించు ప్రోగ్రామును ఎడిటరు అందురు. 1969లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలలో కెన్ థాంప్సన్ యూనిక్స్ వ్యవస్థకు తొలిరూపము నిచ్చుచు, దానితోపాటు ‘ఈడీ’ అను చిన్న ఎడిటరును వ్రాసెను. ఈడీ మూలఫైలును నేరుగా ముట్టుకొనదు. దాని నకలును వేరుగా తీసికొని, దిద్దుబాట్లన్నియు ఆ నకలుపైననే చేయును. నకలు ఉండు తావునకు బఫరు అని పేరు. ‘వ్రాయుము’ అను ఆజ్ఞ యిచ్చువరకు మూలము చెక్కుచెదరదు. దిద్దినదానిని భద్రపరచకయే వెడలిపోజూచినచో ఈడీ ఒక్క ప్రశ్నార్థకమును చూపి ఊరకుండును. హెచ్చరిక అంతియే.

అయినను అసలు గండము ఆ ‘వ్రాయుము’ అను ఆజ్ఞయందే దాగియుండెను. పాత ఫైలును తిరిగి వ్రాయుటకై తెరచినప్పుడు మొదట దాని పొడవు సున్న యగును. తరువాతనే కొత్త మాటలు వరుసగా లోనికి పోవును. ఈ రెంటి నడుమ కరెంటు పోయినను, డిస్కుపై చోటు చాలకున్నను, పాతది నశించినది, కొత్తది పూర్తిగా రాలేదు. అది క్షణకాలమే గదా యని అనుకొనవచ్చును. గండమునకు క్షణమే చాలును.

తరువాతివారు రెండు త్రోవల నడచిరి. మొదటిది, ఇంకను భద్రపరచని పనిని కాపాడుట. 1976లో బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ విద్యార్థి బిల్ జాయ్ ‘వీఐ’ అను ఎడిటరును రచించెను. యంత్రము కూలి మరల లేచినప్పుడు, నడుమ నిలిచిపోయిన దిద్దుబాట్లను వెదకి దాచి, నీ పని దక్కినదని సొంతదారునకు ఉత్తరము పంపు ఏర్పాటు దానికి గలిగెను. ఆ బాటలోనే 1991లో నెదర్లాండ్స్ దేశీయుడు బ్రామ్ మూలెనార్ ‘విమ్’ను విడుదల చేసెను. 200 అక్షరములు కొట్టినప్పుడుగాని, 4 సెకన్లపాటు చేయి ఆగినప్పుడుగాని, అది తాను చేసిన మార్పులను స్వాప్ ఫైలు అను పక్క ఫైలులో వ్రాసికొనును. మూలెనార్ 2023లో పరమపదించెను. ఆయన ఎడిటరు నేటికిని వాడుకలో నున్నది.

రెండవ త్రోవ, పాతదానిని పోనీయకుండుట. 1977లో డిజిటల్ ఈక్విప్‌మెంట్ సంస్థ ప్రకటించిన వీఎంఎస్ వ్యవస్థలో ప్రతి ఫైలు పేరు చివర ఒక అంకె యుండెడిది. భద్రపరచినప్పుడెల్ల కొత్త అంకెతో కొత్త ప్రతి పుట్టెడిది. పాత ప్రతులను తీసివేయుమని ప్రత్యేకముగా చెప్పవలసియుండెను. 1985లో రిచర్డ్ స్టాల్‌మన్ వెలువరించిన గ్నూ ఈమాక్స్, తొలిసారి భద్రపరచునప్పుడు పాత ఫైలు పేరు చివర ఒక అలగీత చేర్చి, దానిని పక్కన నిలుపును.

ఈ రెండు త్రోవలును కలిసిన తావున నేటి పద్ధతి ఏర్పడినది. కొత్త పాఠమును పాత ఫైలుపై వ్రాయరాదు. అదే డిస్కుపై వేరొక పేరుతో పూర్తిగా వ్రాయవలెను. అది ముగిసిన పిదప దానికి పాత ఫైలు పేరు పెట్టవలెను. పూర్వపు యూనిక్స్‌లో ఈ పేరు మార్పునకు ఒకటికి మించిన అడుగులు కావలసియుండెను గనుక నడుమ మరల ఎడము ఏర్పడెడిది. 1983లో బర్క్‌లీవారు వెలువరించిన 4.2 బీఎస్‌డీ యందు పేరు మార్పు ఒకే ఆజ్ఞ యయ్యెను. నడుమ యంత్రము కూలినను ఆ పేరుతో ఏదో యొక ఫైలు తప్పక యుండునని దాని హామీ. చూచువారికి పాతదైనను పూర్తిగా కనబడును, కొత్తదైనను పూర్తిగా కనబడును. సగము సగము ఎన్నడును కనబడదు.

ఇంతటితో కథ ముగిసినదని పలువురు తలచిరి. కాని మరియొక చిక్కు గలదు. ప్రోగ్రాము ‘వ్రాసితిని’ అన్నంతమాత్రమున మాటలు డిస్కు చేరవు. కొంతసేపు మెమరీలో వేచియుండును. వెంటనే డిస్కునకు దింపుమని చెప్పు ‘ఎఫ్‌సింక్’ అను ఆజ్ఞయు ఆ 1983 నాటి వ్యవస్థతోనే వచ్చెను. అది కాలహరణమని అనేకులు దానిని విడిచిపెట్టిరి. లినక్స్‌లో దీర్ఘకాలము వాడుకలో నున్న ఈఎక్స్‌టీ3 ఫైలు పద్ధతి సాధారణముగా 5 సెకన్ల కొకసారి మార్పులను డిస్కునకు దింపుచుండుటచే ఆ లోపము బయటపడలేదు. 2008 డిసెంబరులో స్థిరరూపమున వచ్చిన ఈఎక్స్‌టీ4, వేగము కొరకు, డిస్కుపై చోటు కేటాయించుటను మరింత ఆలస్యము చేసెను. 2009 ఆరంభమున, యంత్రము కూలి లేచిన పిమ్మట తమ ఫైళ్లు సున్న పొడవుతో మిగిలినవని వాడుకదారులు మొరపెట్టిరి. పేరు ముందు మారినది, మాటలు వెనుక చిక్కినవి. ఎఫ్‌సింక్ పిలువని ప్రోగ్రాములదే తప్పని ఆ పద్ధతి నిర్వాహకుడు థియొడోర్ త్సో వాదించెను; అయినను వాడుకదారుల కష్టము నెరిగి, ఇట్టి పేరు మార్పును గుర్తించి మాటలను ముందుగా దింపు సవరణను తానే చేర్చెను.

వాదములో నెవరిది న్యాయమైనను, క్రమము తేటపడినది. ముందు పక్కన వ్రాయుట, పిదప డిస్కునకు దింపుట, ఆ పిదపనే పేరు మార్చుట. ఇది వినుటకు సులభము, ఆచరించుట కష్టము. 2014లో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు పేరుపడిన 11 ప్రోగ్రాములను పరీక్షింపగా, యంత్రము కూలినప్పుడు దెబ్బతినగల లోపములు 60 బయటపడెను. అవి అనుభవశాలులు వ్రాసిన ప్రోగ్రాములే.

కరెంటు ఎప్పుడు పోవునో తెలియని ఇండ్లలో పిల్లల చదువు కాగితములు, ఇంటి లెక్కలు, పెద్దల ఉత్తరములు నేడు ఈ యంత్రములలోనే యున్నవి. మంచి ఎడిటరు మనకు తెలియకయే ఈ జాగ్రత్త పడుచున్నది. అయితే అది కాపాడునది భద్రపరచు ఆ క్షణమును మాత్రమే. డిస్కే చెడినచో పాత ప్రతియు, కొత్త ప్రతియు కలిసియే పోవును. కనుక ముఖ్యమైన వ్రాతకు రెండవ ప్రతిని వేరొక చోట ఉంచుకొనవలెను. ఆ ప్రతిని తెరచి, సరిగా నున్నదని చూచుకొనిన పిదపనే మొదటిదానిపై చేయి వేయవలెనని మా మనవి.