రోటికి తోబుట్టువు

రోలు వెళ్ళి మద్దెలతో మొరపెట్టుకుందని మనకో సామెత ఉంది. "నీకు ఒకవైపే గదమ్మా, నాకు రెండువైపులా దెబ్బలే" అని మద్దెల అనేసరికి పాపం రోలు నోరు మూసుకుందట. అదే రోలు పశ్చిమ ఆఫ్రికాలో మొరపెట్టుకుని ఉంటే ఏమయ్యేదో! అక్కడ రోలూ డోలూ తోబుట్టువులు. ఒక్క మొద్దును తొలిచి, నడుము సన్నగా చెక్కి, పైన మేకతోలు బిగించిన జెంబేను చూస్తే, ధాన్యం దంచే రోలే లేచి వచ్చిందేమో అనిపిస్తుంది. రోటినుంచే అది పుట్టిందని చెప్పుకునే కథలు కూడా ఉన్నాయి.

ఈ జెంబేను ఇవాళ ఎన్నో దేశాల పట్నాల్లో సాయంత్రం పూట క్లాసులు పెట్టి నేర్పుతున్నారు. పుల్లలు అక్కర్లేదు, రెండు చేతులుంటే చాలు. "ఇదేం బ్రహ్మవిద్యా!" అనుకుంటూ కూర్చుంటాడు కొత్తవాడు. మొదటి పాఠంలో ఉన్నవి మూడే దెబ్బలు. అరచేత్తో తోలు మధ్యన కొడితే గుమ్మని లోతుగా మోగేది 'బేస్'. వేళ్ళు దగ్గరగా చేర్చి అంచున కొడితే గుండ్రంగా పలికేది 'టోన్'. అదే అంచున వేళ్ళు కాస్త వదులు చేసి, కొసలు తగిలేట్టు విసిరితే ఛెళ్ళుమనేది 'స్లాప్'. చెప్పడానికి రెండు నిమిషాలు పట్టదు. టోనుకీ స్లాపుకీ తేడా పక్కవాడికి తెలిసేలా వాయించడానికి మాత్రం నెలలు పడుతుంది. ఈలోగా అరచేతులు కందిపోయి, వేడి అన్నం కలుపుకోవాలంటే భయం వేస్తుంది.

మన మృదంగం గురువులు ముందు నోటితో తకధిమి అనిపిస్తారు గదా! 1950లో నైజీరియానుంచి అమెరికా వెళ్ళి, అక్కడివాళ్ళకు ఆఫ్రికా డోళ్ళు నేర్పిన బాబతుండే ఒలాతుంజీ కూడా 'గన్, డన్, గో, డో, పా, టా' అనిపించి వాయింపించేవాడు. నోటికి వస్తేనే చేతికి వస్తుందన్నది రెండుచోట్లా ఒకటే.

జెంబే పుట్టినచోట మాత్రం క్లాసులూ లేవు, ఫీజులూ లేవు. గినీ, మాలి దేశాల్లోని మాండే ప్రజల పల్లెల్లో వాయించేవాళ్ళ పక్కన కూర్చుని, చెవులతో నేర్చుకోవడమే. అక్కడ కోర అనే తంత్రీవాద్యం జెలీలనే వంశపారంపర్య గాయకులది. జెంబేకు ఆ కట్టడి లేదు. వాయించేవాణ్ణి 'జెంబేఫోలా' అంటారు. జెంబేను పలికించేవాడని అర్థం. పొలం పనికి కస్సా, పిల్లల సున్తీ వేడుకకు సోలీ, ఇలా ఏ సందర్భానికి తగిన వరస దానికుంది. సందర్భం లేకుండా ఊరికే డోలు కొట్టడం వాళ్ళకు తెలియదు.

కొత్తవాడికి రెండో ఆశాభంగం ఇక్కడే. జెంబే ఒంటరిది కాదు. పక్కన కెంకెనీ, సంగ్‌బాన్, డున్‌డున్‌బా అని పుల్లలతో వాయించే మూడు పెద్ద డోళ్ళుంటాయి. ముందుండి వాయించేవాడు ఒక్కడే. తక్కినవాళ్ళు ఒక చిన్న వరస పట్టుకుని, దాన్నే మళ్ళీ మళ్ళీ వాయించాలి. "ఎంతసేపూ ఇదేనా?" అని విసుక్కుని కొత్తవాడు కాస్త సొంత పనితనం చూపించాడో, నాట్యం చేసేవాళ్ళ కాళ్ళు తడబడతాయి.

మరి పొలం గట్టునుంచి పట్నం క్లాసుకు ఈ వాయిద్యం ఎలా వచ్చినట్టు? గినీ ఫ్రెంచివాళ్ళ ఏలుబడిలో ఉండగా, 1921లో పుట్టిన ఫోదేబా కేయితా అనే కవి పారిస్ చేరి, తోటి ఆఫ్రికన్లను కూడగట్టి 'లే బాలే ఆఫ్రికేన్' అనే నాట్యబృందం పెట్టాడు. తమను ఏలేవాళ్ళ రాజధానిలోనే రంగస్థలం మీద తమ డోలు మోగించాడు! 1958 సెప్టెంబరు 28న జరిగిన ఓటింగులో గినీ ప్రజలు ఫ్రాన్సుతో పొత్తు వద్దన్నారు. అక్టోబరు 2న స్వతంత్రం వచ్చింది. ఫోదేబా మంత్రి అయ్యాడు, ఆయన బృందం జాతీయ బృందమైంది.

కథ అక్కడే ఆగితే బాగుండేది. అధ్యక్షుడు సెకూ తూరే అనుమానానికి గురై, ఫోదేబా 1969లో బోయిరో శిబిరమనే చెరసాలలో చంపబడ్డాడు. మంత్రిగా ఉన్నప్పుడు ఆ చెరసాల కట్టించడంలో ఆయన చెయ్యి కూడా ఉందంటారు. విధి అనండి, మరేదన్నా అనండి. డోళ్ళు మాత్రం మోగుతూనే ఉన్నాయి.

ఆ రోజుల్లో ప్రభుత్వం పల్లెల్లో మంచి వాయిద్యకారులను ఏరి బృందాలకు తీసుకుపోయేది. బలాందుగు పల్లెలో 1950లో పుట్టిన మమాది కేయితా 1964లో, పధ్నాలుగేళ్ళవాడు, అలాగే జాతీయ బృందం 'జోలిబా'లో చేరాడు. పల్లెలో గంటల తరబడి సాగే ఆట రంగస్థలం మీద కొద్ది నిమిషాలకు కుదించుకుపోయింది. 1984లో సెకూ తూరే పోయాక, కొన్నేళ్ళకు మమాది దేశం విడిచి బెల్జియం చేరి, 1991లో బ్రస్సెల్స్‌లో బడి పెట్టాడు. ఫలానా వరస ఏ సందర్భానిదో, ఏ మనుషులదో చెప్పి మరీ నేర్పేవాడు. 2021లో కన్నుమూసేనాటికి ఆయన శిష్యులు ఎన్నో దేశాల్లో ఉన్నారు.

కనుక చేతులు కందిన కొత్తవాడు నిరాశపడక్కర్లేదు. తన చేతికిచ్చిన ఆ చిన్న వరస ఒక ఊరి పొలంలో పుట్టి, పరాయి పాలననూ, సొంతవాళ్ళ చెరసాలనూ దాటి వచ్చింది. దాన్ని తప్పు లేకుండా పట్టుకుని, పక్కవాళ్ళను వింటూ కూర్చోవడం చిన్న పనేం కాదు.

అన్నట్టు, సామెతలో మద్దెల ఏం చేసిందో చూశారూ? రోలు మొర పూర్తిగా విన్నాకే నోరు విప్పింది. జెంబే ముందు కూర్చునేవాడికి తొలిపాఠం కూడా అదే.