గల్ఫు ప్రయాణపు ముచ్చట్లు
1973లో ముడిచమురు ధర హెచ్చి గల్ఫు దేశములందు కట్టడపు పనులు వెల్లువెత్తిన పిమ్మట, మెట్టసేద్యమే దిక్కైన జగిత్యాల, కోరుట్ల ప్రాంతముల రైతుకూలీలును, అంతకుముందే భీవండి, షోలాపురముల మగ్గములకు వలసపోవుటకు అలవడిన సిరిసిల్ల నేతకారులును క్రమముగా దుబాయి దారి పట్టిరి. ఆ దారిలోని గోతులను ముందుగా ఎరిగించినవి సెలవుపై వచ్చినవారి నోటిమాటయు, అక్కడనున్నవారు పంపిన క్యాసెట్టులును. బీడీలు చుట్టుచు ఆడువారు చెవియొగ్గి వినుచుండగా, క్యాసెట్టులో మాటలు నింపి పంపిన మగని గొంతు, ఏజెంటును నమ్మి తమ్ముడు విజిట్ వీసాపై రావలదనియు, పాస్‌పోర్టును యజమాని పుచ్చుకొనును గావున నకలొకటి ఇంట నుంచవలెననియు, మామిడి తొక్కు తేవచ్చును గాని, అక్కడ నిషిద్ధములైన గసగసాలు మసాలాపొడిలో కలిసియున్నను చెరపాలు కావలసివచ్చుననియు హెచ్చరించుచుండెను.

ఇట్టి హితవులను పొద్దుపోని కబుర్లుగా నెంచుట అన్యాయమని నా నిశ్చితాభిప్రాయము. 1983 నాటి వలసల చట్టము చదువు తక్కువవారి ప్రయాణమునకు ప్రభుత్వానుమతిని విధించి కొంత రక్షణ కల్పించినను, ఆ అనుమతి కాగితములను పరీక్షించెనే గాని, ఏ కంపెనీ నెలనెల జీతమిచ్చునో, ఏ కఫీలు, అనగా పూచీపడిన యజమాని, అకామాను, అనగా నివాసపు అనుమతిని, పొడిగింపక కూలీని దొంగబ్రతుకు పాలు చేయునో, అప్పుచేసి వీసా కొనుచున్నవానికి నిరుడు పోయివచ్చిన బావయో మేనమామయో చెప్పవలసినదే.