ఐదు ప్లేట్ల సెట్టు, కనపడని పేరు

పాటలన్నీ ఫోన్లోనే దొరుకుతుంటే వేలకి వేలు పోసి డీలక్స్ బాక్స్ సెట్ కొనాలా వద్దా? మన ఐటీ జనాల్లో పాటల పిచ్చి ఉన్నవాళ్ళకి ఎప్పుడో ఒకప్పుడు వచ్చే సందేహమే ఇది. మా బత్తలపల్లి పక్కనే ధర్మవరం. అక్కడ పట్టుచీర కొనేవాళ్ళెవరూ అట్టపెట్టె చూసి కొనరు. మడత విప్పి, కొంగు చూసి, జరీ చూసి, అప్పుడు బేరం మొదలెడతారు. బాక్స్ సెట్టుకీ అదే పద్ధతి. కాకపోతే ఇక్కడ జరీ ఏదో తెలియాలంటే కాస్త చరిత్రలోకి వెళ్ళాలి.

అసలు ఆల్బమ్ అన్న పేరే ఈ ప్లేట్ల సెట్ల వల్ల వచ్చింది. 78 ఆర్పీఎం రోజుల్లో పది అంగుళాల ప్లేటుకి ఒక పక్క పట్టేది సుమారు 3 నిమిషాలు. పెద్ద కచేరీ అమ్మాలంటే నాలుగైదు ప్లేట్లు కావాలి. వాటిని ఫోటోల ఆల్బమ్ లాంటి పుస్తకంలో, పేజీకొకటి చొప్పున పెట్టి అమ్మేవారు. 1948లో అమెరికాలో కొలంబియా వాళ్ళు ఎల్పీ తెచ్చాక ఒక్కో పక్క 20 నిమిషాల పైనే పట్టింది. పుస్తకం అవసరం తీరిపోయింది, పేరు మిగిలింది. అంటే మొదట్లో సెట్ కొనడం షోకు కాదు, అంత సంగీతం ఇంట్లో వినాలంటే వేరే దారి లేక.

మన దగ్గరికొస్తే, సెట్ అనగానే నాకు గుర్తొచ్చేది ఎమ్మెస్ సుబ్బులక్ష్మి గారి 'బాలాజీ పంచరత్నమాల'. పీవీఆర్కే ప్రసాద్ గారు తిరుమల తిరుపతి దేవస్థానం ఈవోగా ఉన్న రోజుల్లో, 1980 ప్రాంతంలో, దేవస్థానం తలపెడితే హెచ్ఎంవీ తెచ్చిన ఐదు ఎల్పీలు. ఎమ్మెస్ గొంతులో అన్నమయ్య కీర్తనలు ఇంటింటికీ చేరడంలో ఈ సెట్ది పెద్ద వాటా.

ఇప్పుడు ఇందులోని 'నానాటి బతుకు' తీసుకోండి. యాప్‌లో సాధారణంగా ఏం కనిపిస్తుంది? గాయని పేరు, రచయిత అన్నమాచార్య. అంతే. చూసినవాడు ఏమనుకుంటాడు? 1408లో పుట్టి 1503లో పోయిన అన్నమయ్య ఇదే వరసలో పాడుకున్నాడని! నిజానికి రేవతి రాగంలో ఆ బాణీ కట్టింది మన కాలం విద్వాంసుడు నేదునూరి కృష్ణమూర్తి గారు.

ఎందుకిలా అంటే, తిరుమల గుడిలో దొరికిన రాగి రేకుల మీద ఉన్నది సాహిత్యం, పైన రాగం పేరు. స్వరాలు లేవు. సోర్స్ కోడ్ ఉంది కానీ నడిపే మెషీన్ పోయిందన్నమాట. వేటూరి ప్రభాకర శాస్త్రి గారు ఆ రేకుల పరిష్కరణలో ఉండగానే 1950లో కాలం చేశారు. తర్వాత ఆ పని నెత్తికెత్తుకున్నది మా అనంతపురం జిల్లా రాళ్ళపల్లి ఊరివాడు, రాళ్ళపల్లి అనంతకృష్ణ శర్మ గారు (1893-1979). మైసూరు మహారాజా కాలేజీలో దశాబ్దాల పాటు తెలుగు చెప్పి, ఆ తర్వాత తిరుపతి చేరి, వందకు పైగా కీర్తనలకు స్వరాలు కూర్చారు. 1974లో సంగీత కళానిధి అందుకున్నారు. ఇంత చేసినాయన పేరు ఆయన బాణీ పాడే పాటల కిందే చాలాసార్లు ఉండదు. బత్తలపల్లి 2022లో శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్ళింది గానీ, ఈయన మావాడే అని చెప్పుకోవడం మేం మానలేదు లెండి.

మన ప్రాజెక్టుల్లో ఏ లైను ఎవరు రాశారో, ఎప్పుడు మార్చారో చరిత్ర అంతా ఉంటుంది. బగ్ వస్తే వెతికి పట్టుకుంటాం. పాటల విషయంలో మాత్రం ఆ లాగ్ మొత్తం చెరిపేసి, చివరి ఫైలు ఒక్కటి చేతిలో పెడితే సంతోషంగా తీసుకుంటున్నాం.

అందుకే నా లెక్క ఇది. బాక్స్ సెట్‌లో జరీ అంటే అట్ట కాదు, పోస్టర్లు కాదు, నంబరేసిన లిమిటెడ్ ఎడిషన్ కార్డూ కాదు. లోపలి పుస్తకం. బాణీ ఎవరిది, పక్కవాద్యాలు ఎవరు, ఏ ఏడు, ఏ స్టూడియో, ఒరిజినల్ టేపు నుంచి తీశారా లేక అరిగిన ప్లేటు నుంచా, ఇవి రాసుంటే కొనొచ్చు. టేపు ఊసే లేకుండా '24 బిట్' అని మాత్రమే రాసుంటే కాస్త ఆగండి. మూలంలో లేనిది ఎన్ని బిట్లు పెట్టినా రాదు, సౌండ్ పెంచి రీమాస్టర్ అన్నంత మాత్రాన కొత్త వివరం పుట్టదు. ఇంకెక్కడా రాని కచేరీలో, రిహార్సల్ టేపులో ఉంటే అది అదనపు లాభం.

"పుస్తకం కోసం అంత డబ్బా?" అనొచ్చు. పాట వినడమే కావాలంటే నిజంగా అక్కర్లేదు, ఫోన్ చాలు. కానీ పేర్లు వెతికి, టేపులు వెతికి, పక్కవాద్యాల వాళ్ళని గుర్తుపట్టి రాసే పనికి జీతం ఎవరో ఒకరు ఇవ్వాలిగా? మనం అట్ట చూసి కొంటే కంపెనీలు ఈసారి ఇంకా మందం అట్ట వేస్తాయి. పుస్తకం చూసి కొంటే, పుస్తకం రాయిస్తాయి. విప్పి చూడకుండా మాత్రం బేరం మొదలెట్టకండి.